నీళ్ల కింది గట్టు

చెరువు నిండి నెలలైనా రామక్కకు అది ఇంకా కలలాగే ఉండేది. ఇరవై ఏళ్లు ఎండిపోయి ఉన్న ఆ చెరువు లోపలి నేలలోనే ఆమె శెనక్కాయలు పండించుకుంది. పక్క చేను బయ్యన్నది, మధ్యన ఎత్తయిన గట్టు. ఆమె బెంగుళూరుకు కూలికి పోయినప్పుడు బయ్యన్న ఆ గట్టును ఆమె చేలోకి జరిపేశాడని ఊరంతా గుసగుసలాడింది. ఆయనేమో నలుగురిలో మనవరాలు ప్రసూన తల మీద చెయ్యిపెట్టి జరపలేదని ఒట్టేశాడు. పసిబిడ్డ మీద ఒట్టేశాక ఇంకేం మాట్లాడతారు? అంతలోనే వానలు పడి రెండు చేలూ మునిగాయి.

ఒక సాయంత్రం బయ్యన్న కొడుకు ప్రణీత్ పొరుగూరి చేపలవాళ్లు వదిలిపోయిన గుండ్రటి పుట్టిలో ప్రసూనను షికారు తిప్పుతుండగా నల్లటి గాలివాన విరుచుకుపడింది. పుట్టి గిర్రున తిరిగి బోర్లాపడింది. ప్రణీత్ ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో గట్టు పక్కన మునిగిన తుమ్మచెట్టు కొమ్మను పట్టుకుని కేకలు పెట్టాడు. చెరువు కట్ట మీది జనంలో ఒక్కరికీ ఈత రాదు. నీళ్లే లేని ఊళ్లో ఈతెవరు నేర్పుతారు?

"గట్టు మీద నడిస్తే నీళ్లు రొమ్ముల దాకే. చేతులు పట్టుకోండప్పా!" అంటూ రామక్క దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని బయ్యన్న, ఆయన వెనక ఊరూ దిగారు.

అడుగున చాళ్లు మెత్తగా పాదాలకు తగిలాయి. కలుపు తీయడానికి పోతున్నట్టే ఉంది ఆమెకు, కాకపోతే ఆకాశం కూడా చేలోకి దిగినట్టుంది. భయం కూడా వేయలేదు. పాత గుర్తున్న చోట గట్టుకోసం కాలు పెట్టింది. గట్టు లేదు, కాలు గుంతలోకి జారింది. నీళ్లు నోట్లోకి వచ్చాయి.

బయ్యన్న ఆమెను వెనక్కి లాగాడు.

"ఆడ కాదు రామక్కా! ఎడమకు, నీ చేన్లోకి! గట్టు ఆడుండాది... నేనే జరిపినా!"

ఊరంతా విన్నది. ఎవరూ చెయ్యి వదల్లేదు. ఎడమకు వేసిన కాలికి గట్టి మన్ను తగిలింది. ఒక్కో అడుగే వేసి రామక్క పిల్లను అందుకుంది, ప్రణీత్ ఆమె భుజం పట్టుకున్నాడు.

కట్టెక్కాక ప్రసూన నీళ్లు కక్కి ఏడ్చి, రామక్క మెడను కరుచుకుని పడుకుంది. బయ్యన్న తల ఎత్తలేదు.

"నీళ్లు ఇంకినాక నీ నేల నీకిస్తా అక్కా."

నెలలుగా దాచుకున్న తిట్లన్నీ రామక్క నోటిదాకా వచ్చాయి. మెడ మీద పిల్ల ఊపిరి వెచ్చగా తగులుతోంది. ఎదురుగా చెరువు గాలికి ఊగుతోంది. అది ఇంకకపోతే తనకు చేనే లేదని ఆమెకు తెలుసు.

"ఇంకకుంటేనే బాగుండునప్పా," అంది.