విశాఖ రేవులో చెప్పని మాట

బర్మాలోని రంగం రేవులో రెండేళ్లు బియ్యం బస్తాలు మోసినవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండదు. కనీసం అచ్చెన్న అలాగే అనుకునేవాడు. బర్మావాళ్లతో బర్మా, గుమాస్తాలతో హిందుస్తానీ గడగడా మాట్లాడేవాడు. అందుకే పెళ్లాన్నీ, తానింకా కళ్లజూడని కూతుర్నీ రప్పించుకునేటప్పుడు, ఊరెళుతున్న మేస్త్రీ మంగరాజు చేత గట్టిగా కబురంపాడు. "విశాఖలో ఓడెక్కీముందు డాగ్దరు అడుగుతాడు. పిల్లకి నలతగా ఉన్నా సెప్పొద్దను. సెప్తే ఆపేస్తారు."

ఆపేస్తారన్నది నిజమే. ఆపి ఏం చేస్తారో మాత్రం అచ్చెన్న ఎవర్నీ అడగలేదు.

ఓడ వచ్చిన రోజు, పక్కింటి బర్మా ఆవిడ మా ఠిన్ ఇచ్చిన వెదురు ఊయల గదిలో కట్టి, గడ్డం గీయించుకుని రేవుకి పరుగెత్తాడు. భార్య దేముడమ్మ ఒక చేత్తో మూట పట్టుకుని దిగింది. రెండో చెయ్యి ఖాళీగా ఉంది. ఇంకెవరైనా ఎత్తుకున్నారేమోనని అచ్చెన్న ఆమె వెనక్కి చూశాడు.

"నేదు, సూడకు," అంది దేముడమ్మ. "ఓడెక్కీముందే నెత్తురు ఇరేచనాలు పట్టుకున్నాయి. డాగ్దరు అడిగినాడు. బాగుందన్నాను. నువ్వు సెప్పమన్నట్టే సెప్పినాను. దార్లో ఎల్లిపోనాది. సముద్రంలో ఒగ్గేసినారు."

దిగినవాళ్లని పరీక్షిస్తున్న బర్మా డాక్టరు ఆమె కళ్లు చూసి, సంగతేమిటని అచ్చెన్నని అడిగాడు. విని తల పట్టుకున్నాడు. "అక్కడే చెప్పాల్సిందయ్యా!" అన్నాడు హిందుస్తానీలో. "ఆ రేవు డాక్టర్లకీ మాకూ ఏర్పాటుంది. జబ్బు పిల్లల్ని తల్లితో సహా అక్కడి ఆసుపత్రిలో ఉంచుకుని, నయం చేసి, తర్వాతి ఓడలో డబ్బు తీసుకోకుండానే ఎక్కిస్తారు. ఇక్కడ దిగాక మేం చూసుకుంటాం. కిందటి నెల ఒక పిల్లాడు అలాగే నవ్వుతూ దిగాడు."

దేముడమ్మకి హిందుస్తానీ ముక్క రాదు. "ఏటంతన్నాడు?" అంది.

  నిజం చెబితే భార్య కూడా తనకి దక్కదనిపించింది అచ్చెన్నకి.

"ఏటీ నేదు," అన్నాడు. "ఆ జబ్బుకి ఏ రేవులోనూ మందు నేదంట."

దేముడమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే నువ్వు కబురంపడమే మంచిదైనాది. నేకపోతే ఆసుపత్రోలు నా దగ్గిర్నించి లాక్కునుందురు. ఒంటిగా పోయుండును నా తల్లి. నా ఒళ్లోనే పోనాది."

అచ్చెన్న ఉండే మింగళ తౌంగ్‌న్యున్ పేట దాకా దారి పొడుగునా ఆమె ఆ మాటే అంది. గదిలోకి వచ్చాకా అంది. ఊయల ముడి విప్పుతూ అచ్చెన్న ప్రతిసారీ ఊఁ కొట్టాడు.