అంచుదాకా పోసిన టీ

మా ఇళ్లల్లో టీ పోయడం కోడలి పని. గిన్నెలో రెండు గుక్కలే పోయాలి, అయిపోగానే మళ్లీ రెండు గుక్కలు. ఇంకాసేపు కూర్చోండి అని దానర్థం. అంచుదాకా పోశామంటే, తాగి ఇక లేవండి అని. ముక్కూమొహం తెలియని వాళ్లకి కూడా అలా పొయ్యం. ఇక మామగారికి అలా పోసిన కోడలు మా స్తెప్పీ గడ్డిమైదానాల్లో పుట్టలేదు, నేను కాపురానికి వచ్చేదాకా.

మావయ్య పేరు నేను పలకకూడదు. ఊరంతా గుర్రాల పెద్దాయన అంటారు. మంచు కరిగే రోజుల్లో నర్సు సాందుగాష్ ఆ వయసు వాళ్లందరికీ మలం పరీక్ష చేస్తే, మావయ్య పరీక్ష పట్టీ మీద రోగపు గీత పడింది.

"కంటికి కనబడని రక్తం తాతా. జబ్బేనని కాదు. పట్నంలో పేగులోకి గొట్టం వేసి చూస్తేగానీ తేలదు. పిలకలాంటి కండ ఉంటే అప్పుడే తీసేస్తారు. ముదిరితే పేగు కేన్సరు."

"నాకే నొప్పీ లేదే!"

"నొప్పి రాకముందు చూసుకోవడానికేగా ఇది."

పట్నం వెళ్లే ముందురోజు ఏమీ తినొద్దు, నీళ్లలాంటివే తాగాలి, టీ తాగొచ్చు అంది. మావయ్య రోజంతా గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ తాగారు. నేను ఎప్పటిలాగే పాల టీ ఇచ్చాను. పాలు లేనిది టీ ఎలా అవుతుంది? కడుపు కడిగే మందునీళ్లు సగం తాగి, "కుమిస్ కడిగినట్టు ఇది కడుగుతుందా?" అని మిగతాది పక్కన పెట్టేశారు.

పట్నంలో మత్తిచ్చారు. తిరిగొచ్చాక ఆ కల చెప్పారు. "అంతా తెల్లటి మంచే అమ్మాయ్. గుర్రమెక్కి పోతున్నా. మీ అత్తయ్య గొంతు వినబడుతోంది, మనిషి కనబడదు. మందలో ఒక గుర్రప్పిల్ల తప్పిపోయింది. ఎటు పోయిందో!"

డాక్టరుదీ అదే మాట. లోపలంతా మబ్బు, ఏమీ కనబడలేదు, మళ్లీ రమ్మన్నాడు.

"మళ్లీనా? రెండోసారి తోకెత్తి చూపించడానికి నేనేమన్నా సంతలో గుర్రాన్నా?" అని మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ గీత మాత్రం నాకు కళ్లు మూసుకున్నా కనబడేది.

సాందుగాష్ ఇంటికొచ్చి, ఏమేం తాగారో అడిగింది. నవ్వలేదు.

"తప్పు నాదే వదినా. పాలు వద్దని చెప్పలేదు. ఈసారి ఏం పోసినా గిన్నె అడుగున వేసిన పువ్వు కనబడాలి. కనబడనిది ఏదీ తాగకూడదు. ఎర్రటిదీ వద్దు. మందునీళ్లు చుక్క మిగలకూడదు. ఏం చేస్తావో ఇప్పుడు నువ్వు చెప్పు."

చెప్పాను. మళ్లీ చెప్పించింది.

మళ్లీ పట్నం వెళ్లాల్సిన ముందురోజు వచ్చింది. మావయ్య బల్ల ముందు కూర్చుని, "పోనన్నానుగా, పాలేవి?" అన్నారు. కిటికీ అవతల మంచు ఆవిరై లేస్తోంది, కొండలు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. పలచటి టీ పోస్తున్నాను. రెండు గుక్కల దగ్గర చెయ్యి ఆగలేదు. సగం దాటింది. అంచు తాకింది. తేనెరంగు నీళ్ల అడుగున నీలిపువ్వు కదిలింది.

మావయ్య గిన్నెలోకి వంగి చూశారు.

"నన్ను పంపించేస్తున్నావుటే?"

"అవును మావయ్యా. వెళ్లి రండి. వచ్చాక రెండేసి గుక్కలు పోస్తా, తెల్లారేదాకా."

"మీ అత్తయ్య ఉంటే నీ జుట్టు పట్టుకునేది."

"అత్తయ్య ఉంటే నాకంటే ముందే పోసేది."

ఆయన మీసం కదిలింది. గిన్నె ఎత్తి ఖాళీ చేశారు. "పట్రా ఆ మందునీళ్లు. మన కుక్క కూడా మూతి పెట్టదు దాన్లో."

మర్నాడు తిరుగు బండిలో మత్తు ఇంకా వదల్లేదు. నా భుజం మీద తల వాల్చి, "మంచు విడిపోయిందే" అన్నారు. "పిల్ల దొరికింది. ఇంతే ఉంది."

చిక్కుడుగింజంత పిలక తీసేశారు. అందులో ఇంకా విషం పుట్టలేదని తర్వాత కబురొచ్చింది. చెప్పిన గడువుకి మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు.

పట్నం నుంచి ఇంటికొచ్చిన ఆ సాయంత్రమే గిన్నెలో రెండు గుక్కల టీ పోసి, పాలు వంచాను. పువ్వు మెల్లగా మంచులోకి వెళ్లిపోయింది. మావయ్య తాగి, గిన్నె మళ్లీ నావైపు జరిపారు.