ఇరవై నాలుగో కిటికీ

శనివారం పొద్దున్నే లేచి రాధాకృష్ణ చేసే మొదటి పని డ్రైవ్‌వేలోకి వెళ్ళి వ్యాను కిటికీలు లెక్కపెట్టడం. చుట్టూ ఒకసారి తిరిగి, నిచ్చెన వేసుకుని టాపులో ఉన్నవి కూడా లెక్కపెట్టి, ఇంట్లోకి వచ్చి లాప్‌టాప్‌లో అలాంటి పాత వ్యాన్ల ఆ వారం ధరలు చూసేవాడు. ఆ తరవాతే కాఫీ. అరిజోనాలోని చాండ్లర్‌లో ఆ వీధి మగవాళ్ళు అదే టైముకి పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్తూ అతనికి చెయ్యి ఊపేవాళ్ళు.

నిజానికి వ్యాను ఆయనగారిది కాదు, భార్య దమయంతిది. టైటిల్ ఆమె పేరు మీదే ఉంది. 2002లో, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే హక్కు లేక, గోడలు చూస్తూ కూర్చోలేక, పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు అమ్మేసి, ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక ముసలాయన దగ్గర ఆ పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్ కొంది. లోపల ఒక మడత మంచం, చిన్న పొయ్యి, చెంబు పట్టేంత సింకు. అరిజోనా ఎండకి రంగు వెలిసిందే గానీ ఎక్కడా తుప్పు పట్టలేదు. "బంగారం అమ్మి ఇనుము కొన్నదాన్ని నిన్నే చూశాను" అన్నాడు రాధాకృష్ణ. ఆ తరవాత బంగారం ధర పెరిగినప్పుడల్లా ఆ మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆమె విని ఊరుకునేది. ఆ వ్యాన్లోనే డ్రైవింగ్ నేర్చుకుంది, ఎవరి ముందూ తాళంచెవి కోసం చెయ్యి చాచకుండా బతికింది.

కొన్నప్పుడు దానికి పదకొండు కిటికీలు. పన్నెండోది రఘువీర్ వల్ల వచ్చింది. ప్రాజెక్టు పోయి, రూమ్మేట్లకి అద్దె ఇవ్వలేక, గుడి పార్కింగ్‌లో సూట్‌కేసు మీద కూర్చున్న కుర్రాడు. ఇంటికి రమ్మంటే "వద్దాంటీ, మీకెందుకు ఇబ్బంది" అని కదల్లేదు. పోనీ వ్యాన్లో పడుకో అంటే లేచి వచ్చాడు. ఇంట్లో పడుకోమంటే మొహమాటపడే మనిషి వ్యాన్లో పడుకోమంటే కాదనడని దమయంతికి ఆ రోజు తెలిసింది. వ్యాను ఎవరిల్లూ కాదు కదా, ఒకరి మీద పడి తిన్నట్టుండదు. తెల్లారేసరికి అతను తల పెట్టుకున్న చోట కొత్త కిటికీ ఉంది. రబ్బరు అంచూ, కాస్త మసకబారిన అద్దమూ అన్నీ మిగతావాటి మాదిరే. ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఫోన్ చేస్తే, పన్నెండు అని రాసుకుని, ప్రీమియం మారదని చెప్పాడు.

అప్పట్నుంచి ఏడాదికి ఒకరైనా వస్తూనే ఉన్నారు. అపార్ట్‌మెంట్ లీజు మొదలుకాకముందే ఆగస్టులో దిగిపోయిన ఎమ్మెస్ పిల్లలు, ప్రాజెక్టు దొరక్క బెంచి మీద ఉన్న కన్సల్టెంట్లు, అన్నతో పోట్లాడి బయటికొచ్చిన ఒక తమ్ముడు. ఆ పొయ్యి మీదే ఉప్మా చేసుకుని తిని, నిద్రపోయి, ఓ వారానికి ఎవరి దారి వాళ్ళు చూసుకునేవాళ్ళు. తల పెట్టుకున్న వైపు ఒక కిటికీ మిగిలేది. వెల్లకిలా పడుకున్నవాళ్ళకి టాపులో వచ్చేది.

రాధాకృష్ణ మొదట్లో వీటిని పట్టించుకోలేదు. ధరలు లేవడం మొదలయ్యాక అతనికి నిద్ర కరువైంది. ఈ వ్యాన్లకి కిటికీలను బట్టే ధర. పదకొండుకి ఒక రేటు, పదమూడుకి ఒక రేటు, పదిహేనుకి ఇంకో రేటు. ఇరవై ఒకటో ఇరవై మూడో అయితే వేలంపాటలో ఎగబడతారు. మధ్య అంకెలతో కంపెనీ ఎన్నడూ తయారు చెయ్యలేదు గనక వాటి మొహం చూసేవాడు లేడు. ఇరవై ఒకటి అయిన వారమే అతను ఒక బేరం కుదుర్చుకుంటూ ఉండగా, దమయంతి ఎవరో ఎమ్మెస్ అమ్మాయిని తీసుకొచ్చి వ్యాన్లో పడుకోబెట్టింది. ఇరవై రెండు. ఆయనగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తరవాత ఆత్రం పట్టలేక, ఆఫీసు స్నేహితుణ్ణి బతిమాలి ఒక రాత్రి అందులో పడుకోబెట్టాడు. ఆ పెద్దమనిషికి గిల్బర్ట్‌లో నాలుగు బెడ్రూముల ఇల్లుంది. పొద్దున్న నడుం పట్టేసి లేచాడు గానీ కిటికీ మాత్రం రాలేదు.

అతణ్ణి చూసి నవ్వడం తేలికే. కానీ రెండు దెబ్బలు తిన్న మనిషి. అందరూ షేర్లు కొంటున్నారని కొని, అవి చిత్తుకాగితాలయ్యేదాకా పట్టుకుని కూర్చున్నాడు. తరవాత ఇళ్ళ ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు ఈ ఇల్లు కొన్నాడు, ఏడాది తిరక్కుండా అవి నేలకి దిగాయి. తను పనిచేసే చిప్ ఫ్యాక్టరీలో ఎప్పుడు ఎవరిని పంపేస్తారో తెలియదు. జీవితంలో ఒక్కసారైనా దేన్నయినా ధర ఉన్నప్పుడు అమ్మి, ఇంటి అప్పు తీర్చేసి, గుండె మీద చెయ్యేసుకుని పడుకోవాలని అతని కోరిక. అది తప్పు కోరికని దమయంతి కూడా అనలేదు. అందుకే 2014 అక్టోబరులో, రోహన్ అనే కుర్రాడు రెండు రాత్రులు పడుకుని వెళ్ళి ఇరవై మూడోది వచ్చినప్పుడు, "సరే, అమ్మెయ్యండి" అని మాట ఇచ్చింది. ఇచ్చి, ఆ పూట వ్యాన్లో ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

కొనడానికి వచ్చినవాడు పద్మనాభం. తెనాలి మనిషి, సాఫ్ట్‌వేర్ వదిలేసి పాత బళ్ళ వ్యాపారంలో దిగాడు. చుట్టూ తిరిగి చూసి, "ఇరవై మూడు. జనవరిలో స్కాట్స్‌డేల్ వేలానికి పెడితే కళ్ళకద్దుకుని తీసుకుంటారు" అన్నాడు.

"ఈ ధరలు నిలబడతాయంటారా?" అని అడిగాడు రాధాకృష్ణ.

"ఎవడు చెప్పగలడండీ. ఈ వ్యాను చూసి తమ పడుచుతనం గుర్తు తెచ్చుకునే ముసలాళ్ళు ఉన్నంతకాలం పెరుగుతాయి. వాళ్ళు పోయాక వాళ్ళ పిల్లలకి ఇది ఒట్టి రేకు డబ్బా. అమ్మేవాడికి ఇదే మంచి టైము." ఆపైన దమయంతి వైపు తిరిగి, "అమ్మా, వచ్చే శనివారం చెక్కు తెస్తాను. అప్పటిదాకా ఎవర్నీ పడుకోనివ్వకండి. ఇరవై నాలుగు అయితే మాత్రం నేను చేసేదేం లేదు" అన్నాడు. ఆమె తల ఊపింది.

శుక్రవారం సాయంత్రం దమయంతి వ్యాన్లో సామాను తీసేస్తోంది. పోపుల డబ్బా, రెండు దుప్పట్లు, ఎవరో వదిలేసిన జీఆర్‌ఈ పుస్తకం. ఎవరూ నడవని ఆ రోడ్డు పక్కన, కంకర మీంచి, ఒక మనిషి నడుచుకుంటూ వస్తోంది. వీపున బ్యాగు, చేతిలో ప్రెషర్ కుక్కరు. దగ్గరికొచ్చాక చూస్తే విజయశ్రీ.

విజయశ్రీ భర్త మోహన్, రాధాకృష్ణ ఒకే ఆఫీసు. రోజూ ఒకే కార్లో వెళ్ళొస్తారు. మోహన్ పొద్దున్న ఆఫీసుకి బయల్దేరేముందు ఇంట్లో ఇంటర్నెట్ మోడెమ్ ఊడదీసి బ్యాగులో వేసుకుంటాడు, సాయంత్రం తెచ్చి తగిలిస్తాడు. పెళ్ళాం ఎవరితో మాట్లాడిందీ ఫోన్ బిల్లులో గీతలు పెట్టి అడుగుతాడు. ఈ మోడెమ్ సంగతి కారు పూల్‌లో అందరికీ తెలుసు. "మావాడు సిస్టమ్ అడ్మిన్" అని నవ్వుకునేవాళ్ళు. రాధాకృష్ణ కూడా నవ్వాడు.

"ఇంక ఆ ఇంటికి వెళ్ళనక్కా" అంది విజయశ్రీ. గొంతులో ఏడుపు లేదు. "పాస్‌పోర్ట్ తెచ్చుకున్నాను. ఇంకేం లేవు."

దమయంతి ఆమెని లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. రాధాకృష్ణ ఆఫీసు నుంచి వచ్చి విషయం విన్నాడు. చెడ్డవాడు కాదు గనక వెంటనే, "గెస్ట్‌రూమ్ ఉంది కదమ్మా, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు" అన్నాడు. అంటూనే ఒకసారి వ్యాను వైపు చూశాడు.

విజయశ్రీ తల అడ్డంగా ఊపింది. "మీ ఇంట్లో వద్దు బావగారూ. రేపు ఆయన వస్తారు. మీ సోఫాలో కూర్చుంటారు. మీరు కాఫీ ఇస్తారు. సంసారమన్నాక ఇవన్నీ ఉంటాయి అని నలుగురూ తలో మాటా అంటారు. నేను వంటింట్లో నిలబడి వింటాను. చీకటి పడేలోపు నన్ను ఆయన కార్లో ఎక్కిస్తారు. ఒకసారి అలాగే జరిగింది కదా."

జరిగింది. ఆ కార్లో ఎక్కించినవాళ్ళలో రాధాకృష్ణ ఒకడు.

"అక్కా, వ్యాన్లో పడుకోనా?" అని అడిగింది విజయశ్రీ.

ఇరవై మూడు అంటే ఏమిటో ఆ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. రాధాకృష్ణ భార్యని వంటింట్లోకి పిలిచి, నెమ్మదిగా, "ఒక్క రాత్రి దమయంతీ. హోటల్లో రూమ్ బుక్ చేస్తాను. రేపు పదింటికి పద్మనాభం వస్తాడు. నువ్వు మాటిచ్చావు" అన్నాడు.

"ఇచ్చాను."

"ఇల్లు నిలబడుతుంది. మళ్ళీ ఇలాంటి రోజు రాదు మనకి."

"హోటల్‌కి ఎవరు కార్డు ఇస్తారండీ? మీరు. సోమవారం కారు పూల్‌లో మోహన్ అడిగితే రూమ్ నంబరు ఎవరు చెబుతారు? చెప్పనంటారా?" ఆమె గొంతు పెంచలేదు. "నేను పన్నెండేళ్ళు మీరు తాళంచెవి ఇవ్వాలని చూడకుండా బతికానంటే ఆ వ్యాను వల్ల. ఆ పిల్లకి ఇవ్వకుండా దాన్ని ఎవడికో అమ్మితే, ఆ డబ్బుతో తీరిన ఇంట్లో నేను పడుకోలేను. మాట తప్పుతున్నాను. ఏమంటారో అనండి."

దమయంతి తీసేసిన దుప్పట్లు మళ్ళీ వ్యాన్లో వేసి, తాళంచెవి విజయశ్రీ చేతిలో పెట్టింది.

పొద్దున్న రాధాకృష్ణ లెక్కపెట్టడానికి వెళ్ళలేదు. ఆ పని పద్మనాభమే చేశాడు. చెక్కుబుక్కు జేబులో పెట్టుకుని వచ్చి, చుట్టూ తిరిగి, వీధి వైపు ఆగిపోయాడు. కొత్తది అక్కడుంది. మిగతావాటికంటే వెడల్పు. మిగతావన్నీ బిగించిన అద్దాలు, ఇది పక్కకి జరిగే రకం. గడియ లోపలివైపు ఉంది.

"అయ్యో, వచ్చేసిందా" అన్నాడు, పాలు విరిగితే అన్నంత మామూలుగా. కాసేపు గడ్డం నిమురుకుని, "ఒక పని చెయ్యొచ్చు. రేకు వేసి వెల్డింగ్ చేయిస్తే మూసుకుపోతుంది. పైన రంగు. అప్పుడు ఇరవై మూడే. చెప్పిన ధర చెప్పినట్టే ఇస్తాను" అన్నాడు.

రాధాకృష్ణ తల ఎత్తాడు. పోయిందనుకున్నది మళ్ళీ చేతికి అందేటంత దూరంలోకి వచ్చింది. దమయంతి కూడా ఏదో అనబోయింది. అప్పుడే మోహన్ కారు వచ్చి ఇంటి ముందు ఆగింది.

మోహన్ వ్యాను వైపు చూడను కూడా లేదు. నేరుగా రాధాకృష్ణ దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని, "సారీ రాధాకృష్ణ గారూ, పొద్దున్నే డిస్టర్బ్ చేస్తున్నాను. లోపల కూర్చుని మాట్లాడుకుందామా? తనకి కాస్త మీరు చెప్పండి, మీ మాట వింటుంది" అన్నాడు. రాధాకృష్ణ అలవాటు కొద్దీ గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

కిటికీ జరిగింది. విజయశ్రీ మొహం కనిపించింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"మోహన్" అని పిలిచింది.

పెళ్ళయి ఆరేళ్ళలో అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అతను గుమ్మం దగ్గర ఆగాడు.

"నేనున్నది ఇక్కడ. మాట్లాడేదేదో ఇటు వచ్చి నాతో మాట్లాడు."

"లోపలికి రా విజయా, రోడ్డు మీద ఏమిటిది? అందరూ చూస్తున్నారు."

నిజంగానే చూస్తున్నారు. ఎదురింటి తెల్లావిడ కుక్కతో సహా ఆగిపోయింది. పద్మనాభం చెక్కుబుక్కు పట్టుకుని ఎటు చూడాలో తెలియక ఆకాశం చూస్తున్నాడు. మోహన్ వ్యాను దగ్గరికి రాక తప్పలేదు. కిటికీ ఎత్తులో ఉంది, అతను తల పైకెత్తి నిలబడాల్సి వచ్చింది.

"నేను రాను" అంది విజయశ్రీ. "కోపంతో అనడం లేదు. రాత్రి హాయిగా నిద్రపోయాను, పొద్దున్నే లేచి ఆలోచించుకున్నాను. రాను. సోమవారం అక్క నన్ను లాయరు దగ్గరికి తీసుకెళ్తుంది. నా సర్టిఫికెట్లు ఆవిడకి ఇచ్చెయ్యి."

"నువ్వు నా వీసా మీద ఉన్నావు, గుర్తుందా?" మోహన్ గొంతు తగ్గించి అన్నాడు.

"గుర్తుంది. ఆ మాట గట్టిగా అను, అందరికీ వినబడాలి."

అతను అనలేదు. సాయం కోసం రాధాకృష్ణ వైపు తిరిగాడు. కిందటిసారి సాయం దొరికింది అక్కడే. రాధాకృష్ణ, "నేను చెప్పేదేం లేదు మోహన్. ఆ రోజు చెప్పడమే తప్పయింది. నువ్వు వెళ్ళు" అన్నాడు. ఆ మాట గట్టిగానే వచ్చింది. విజయశ్రీ అద్దం లాగి గడియ పెట్టుకుంది. మోహన్ కాసేపు ఆ అద్దంలో తన మొహమే చూస్తూ నిలబడి, కారెక్కి వెళ్ళిపోయాడు.

పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. "మరి ఆ వెల్డింగ్..."

"వద్దండీ" అన్నాడు రాధాకృష్ణ, భార్య నోరు తెరిచేలోపే.

"తరవాత ధర పడిపోతే నన్ననకూడదు."

"పడనివ్వండి" అంది దమయంతి. "మాది ఇరవై నాలుగు కిటికీల వ్యాను. ఇంకా వస్తాయి. కావాలంటే అప్పుడప్పుడూ వచ్చి లెక్కపెట్టుకుని వెళ్ళండి."

పద్మనాభం నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటి అప్పు అలాగే ఉంది. మూడోసారీ మంచి ధర చేజారింది. ఈసారి ఎందుకు చేజారిందో రాధాకృష్ణకి తెలుసు. లోపలికెళ్ళి దమయంతి పాత కాటన్ చీర ఒకటి వెతికి, టేపూ కత్తెరా పట్టుకొచ్చి, నిచ్చెన వేసుకుని ఆ కొత్త కిటికీని కొలవడం మొదలుపెట్టాడు. వీధికి ఎదురుగా ఉంది, ఆడపిల్ల లోపల ఉంది, ఒక కర్టెన్ అయినా ఉండాలని అతని ఉద్దేశం.

అద్దం మళ్ళీ జరిగింది. విజయశ్రీ చేతిలో టీ కప్పు ఉంది. అతని భుజం మీద చీరా, చేతిలో టేపూ చూసింది.

"కర్టెన్ వద్దు బావగారూ" అంది. "కనబడనివ్వండి."

రాధాకృష్ణ నిచ్చెన దిగి, చీర మడిచి దమయంతికి ఇచ్చేశాడు.