లీవెన్ వదిలేసిన కొమ్మ

లీవెన్ పోయి పన్నెండు రోజులైంది. పక్షుల బొమ్మలు వేయడంలో ఆంట్‌వెర్ప్‌లో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన చివరి పటం ఇంకా చట్రం మీదే ఉంది. పక్షుల కచేరీ. కొంగ, కోడిపుంజు, బాతు, పసుపు రెక్కల చిన్న పిట్ట, అన్నీ నోళ్లు తెరిచి నడిమి కొమ్మ వైపే చూస్తున్నాయి. కొమ్మ మీద పాటల పుస్తకం తెరిచి ఉంది. పాడించాల్సిన పక్షి మాత్రం లేదు.

ఈ పటం వేయమని పురమాయించిన బీరు కాచే యాస్పర్ రేపు పొద్దున దాని కోసం వస్తాడు. ఆలోగా ఆ ఖాళీ నింపాల్సింది లీవెన్ కూతురు దిగ్నా. తండ్రి అనుకున్నది కాక మరొకటి వేస్తే, ఆయన చివరి మాటను తాను మార్చి చెప్పినట్టవుతుందని ఆమె భయం.

యాస్పర్ నిన్న వచ్చి చూసి పోయాడు.

"ఇందులో ఆలోచించడానికేముందమ్మా? కచేరీ నడిపేది గుడ్లగూబే. మా వియ్యంకుడింట్లో పటంలోనూ అదే. ఆ గుడ్లగూబ మొహం కూడా అచ్చం మా వియ్యంకుడిదే."

"ఈసారి గుడ్లగూబ కాదని నాన్న మీతో అన్నారట కదా?"

"అన్నాడు. మరేం వేస్తావని అడిగితే, చూద్దాం అన్నాడు."

చర్చి ఫాదరుగారు పావురం వేయమన్నారు, పరిశుద్ధాత్మకు గుర్తని. పావురాన్ని చూస్తే పుంజు మెడ ఈకలు పటంలో ఉన్నట్టు అలా నిక్కబొడుచుకుంటాయా? దిగ్నాకు ఏమీ తోచలేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో రంగులు నూరుతున్న బాల్టెన్‌ను అడిగింది.

"మామా, నీకైనా నాన్న చెప్పే ఉంటారు."

"మీ నాన్న చెప్పే రకమా తల్లీ? ముందు చుట్టూ ఉన్నవి వేసేవాడు. అవి ఎలా చూస్తున్నాయో చూసుకుని, అప్పుడు మధ్యలోది తేల్చుకునేవాడు. ముందే తెలిసిపోతే మిగతావి అబద్ధమాడతాయనేవాడు."

"అంటే ఆయనకీ తెలియదా?"

"అంతదాకా పని రాలేదు."

పన్నెండు రోజులుగా పాత కాగితాలన్నీ తిరగేసింది, ఎవరి తలలోనూ లేనిదాని కోసం. దిగ్నా పటం ముందు కూర్చుంది. పుంజుకు కోపం. కొంగకు భయం. బాతుకు నవ్వులాట. చిన్న పిట్ట మాత్రం తల్లిని చూసినట్టు చూస్తోంది. ఒకే పక్షి అన్నిటికీ ఇన్ని రకాలుగా ఎలా కనపడుతుంది?

"గుడ్లగూబ కొమ్మను పట్టుకుంటే వేళ్లు ముందుకు రెండు, వెనక్కి రెండు," అన్నాడు బాల్టెన్. "మిగతావాటిలో చాలావాటికి ముందుకు మూడు. ఆ సంగతైనా తేల్చు. నూరిన రంగు పొర కడుతోంది."

దిగ్నా సన్న కుంచె తీసుకుంది. కొమ్మ మీద ముందుకు మూడు వేళ్లు వేసింది, వెనక్కి ఒకటి. గుడ్లగూబ కాదు. ఆ వేళ్ల పైన ఏ పక్షి ఉందో ఆమెకూ ఇంకా తెలియదు.

"రేపు యాస్పర్ వస్తే ఏం చెప్పను?" అన్నాడు బాల్టెన్.

"పని అవుతోందని చెప్పు మామా," అని దిగ్నా మళ్లీ ఆ చిన్న పిట్ట కళ్లలోకి చూసింది.