పదో పేరు

రిజిస్టరు నా చేతిలోనే ఉంది గానీ మా చర్చికి గోడలు లేవు. బల్లలు కాలవలో నిలబడి ఉన్నాయి, మోకాలి లోతు నీళ్ళు వాటి కాళ్ళ మధ్య నుంచి చప్పుడు లేకుండా సాగిపోతున్నాయి, ఆడవాళ్ళ వైపు పరిచిన చాపలు ఆ నీళ్ళ మీద తడవకుండా తేలుతున్నాయి, వాటి మీద మా పేటవాళ్ళంతా తెల్లబట్టలతో కూర్చుని నేను నోరు తెరిచేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కొత్త పాస్టరు అయ్యగారికి స్వాగతం చెప్పే ఆదివారం ఇది. ఆయన ముఖం ఒకచోట నిలవడం లేదు. చూస్తుండగానే చిన్నప్పుడు నన్ను బెత్తంతో కొట్టిన పాత అయ్యగారవుతోంది, అంతలోనే కళ్ళజోడు పెట్టుకున్న ఈ కుర్ర అయ్యగారవుతోంది.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పాస్టరు ప్రసంగపీఠం ఎక్కే ముందు, పాస్టరు లేని కాలంలో బాప్తిస్మం పొందినవాళ్ళనూ పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ సంఘ కార్యదర్శి పేరుపేరునా చదివి ఆయనకు అప్పగించాలి, చదివిన ప్రతి పేరుకీ జనం "మావాళ్ళే" అనాలి. చదవని పేరు మందలో లేనట్టే. ఆ కార్యదర్శిని నేనే. తొమ్మిది పేర్లు చదివాను, తొమ్మిదిసార్లు నీళ్ళ మీదుగా "మావాళ్ళే" అన్న మాట వచ్చింది, పదో పేరు ఉండాల్సిన చోట కాగితం తెల్లగా ఉంది.

"ఆగిపోయావేంట్రా జకరయ్యా?"

చాపల మధ్య నుంచి సలోమమ్మ పెద్దమ్మ లేచి వస్తోంది. నలభై ఏళ్ళు బైబిలు స్త్రీగా మా పేటలో గడపగడపకీ తిరిగి ప్రార్థన చేసిన మనిషి, పాస్టరు లేని పదకొండు నెలలూ ఈ చర్చిని ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. ఈస్టరుకు ముందు ఆమె శవపెట్టెను మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఆ సంగతి నాకు బాగా గుర్తుంది, అయినా ఆమె నడిచి రావడం వింతగా లేదు, కుచ్చెళ్ళు తడుస్తాయేమోనన్నదొక్కటే నా దిగులు.

"చాపల పైన నడువు పెద్దమ్మా, కింద నీళ్ళు."

"నీళ్ళంటే నాకేం భయం? భయం నీకు. బీఏ చదివినోడివని పుస్తకం నీ చేతికిచ్చారు, చదువు."

"అక్కడ రాయలేదు పెద్దమ్మా."

"రాయలేదని నాకు తెలవదా? నీకు జకరయ్యని పేరెట్టింది మీ అమ్మ గాదురా, నేను. బైబిల్లో గుళ్ళో మూగబోయినాయన పేరు. ఇంత బాగా కుదురుద్దనుకోలా."

చాపల మీదివాళ్ళు నవ్వుతున్నారు, ఆ నవ్వు రేకుల మీద వానచప్పుడవుతోంది, చర్చి మెల్లగా మా పేట రిబ్కా ఇంటి వసారా అయిపోతోంది. ఇది పోయిన శ్రావణంలో వాన. కాలవ పొంగి రోడ్డు తెగింది, ఆటో లేదు, ఆసుపత్రి లేదు, రిబ్కా ఒళ్ళో ఏడు రోజుల పసిగుడ్డు పెదాలు నీలంగా మారుతున్నాయి, "పేరన్నా లేకుండా పోద్దా నా బిడ్డ" అని రిబ్కా తల బాదుకుంటోంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు, బిడ్డ బతికితే సాక్షి ఆ సంగతి పాస్టరుకు చెప్పి రాయించాలి, అంతే మా సంఘం కట్టడి. నేను గిన్నె పట్టుకున్నాను. సలోమమ్మ మూడు దోసిళ్ళు పోసి ఒక పేరు పెట్టింది. ఆ మూడో దోసిలికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

"ఆ రోజు గిన్నె పట్టింది ఎవర్రా?"

"నేనే."

"మరి కొత్తయ్యగారు, నేను రాకముందు పాస్టరు గానోళ్ళెవరన్నా బాప్తిస్మం ఇచ్చారా అని నలుగుర్లో అడిగితే, లేదండీ అంది ఎవరు?"

"నేనే పెద్దమ్మా."

"ఆ పూట నేను చాప మీదే ఉన్నా గదరా."

"ఆడమనిషి బాప్తిస్మం ఇచ్చిందంటే ఆయన మొదటిరోజే ఏమనుకుంటారోనని... నీకు మాటొస్తుందని దాచాను."

"డెబ్బయ్యేళ్ళదాన్ని, నాకు మాటొస్తే అరిగిపోతానా? మాట నాకొస్తదనా, పెత్తనం నీకు పోద్దనా?"

నీళ్ళు నడుం దాకా వచ్చాయి, చేతిలో రిజిస్టరు గిన్నె అయింది, గిన్నె బరువెక్కుతోంది.

"ఈ ఆదివారం పిల్లకి మళ్ళీ పోస్తన్నారంటగా?"

"అవును. అయ్యగారే పేరు కూడా చూశారు. షైనీ గ్రేస్."

"సబ్బు పేరులాగుంది," అంటోంది, కానీ నవ్వడం లేదు. "రెండోసారి పోస్తే మరి నేను పోసిందేంట్రా, కడుగునీళ్ళా? ఆ బిడ్డ ఊపిరి పోతంటే దేవుడి పేరెత్తాను. ఉత్తినే ఎత్తినట్టా?"

"నన్ను క్షమించు పెద్దమ్మా."

"సచ్చినదాన్ని నన్నడుగుతావేం? నాకాడైతే నీకు తేలికని. బతికున్నోళ్ళకాడికి పోయి అడుగు, అదీ కష్టం."

కోపంగా అనడం లేదు, క్రిస్మస్ నాటకానికి ముందు పిల్లలకు సర్దినట్టు నా కాలరు సర్దుతూ అంటోంది, అందుకే నాకు ఏడుపొస్తోంది. పేరు చెప్పాలని నోరు తెరుస్తున్నాను, చదివిన తొమ్మిది పేర్లే మళ్ళీ వస్తున్నాయి.

"నువ్వు చెప్పు పెద్దమ్మా, నీ వెనకాల నేనంటాను."

"నేను చెప్పాల్సింది ఆ రోజే చెప్పా. సాక్షివి నువ్వు."

చాపలు ఒకదాని వెనక ఒకటి నీళ్ళతో కదిలిపోతున్నాయి, ఆమె కూడా వాటితోపాటు వెనక్కి జరిగిపోతోంది, ఎవరూ "మావాళ్ళే" అనడం లేదు, అనడానికి నేను వాళ్ళకు పేరివ్వలేదు.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. ఆదివారం మొదటి గంట కొడుతున్నారు. చొక్కా భుజాన వేసుకుని అరుగు మీదికి వచ్చాను. వీధి పంపు దగ్గర రిబ్కా అత్త కాంతమ్మ బిందె పడుతోంది, ఆమె చంకలో రిబ్కా బిడ్డ అటు తిరిగి కాకుల్ని చూస్తోంది. ఆ వానరోజు తర్వాత ఆ పేరు నా నోట ఒక్కసారీ రాలేదు.

"నిరీక్షణా," అన్నాను, గట్టిగా కూడా కాదు.

పిల్ల ఠక్కున తల తిప్పి నన్ను చూసింది.

కాంతమ్మ గాభరాపడి కొంగుతో పిల్లను కప్పుకుంది. "ఇంట్లో అట్టాగే పిలుచుకుంటన్నాం అన్నా, దానిక్కూడా అలవాటైపోయింది. అయ్యగారితో అనమాకు."

"అనడానికే పోతున్నా చెల్లెమ్మా," అన్నాను చొక్కా తొడుక్కుంటూ.