పాక్ హర్తోయో క్యూలో నిలబడిన పూట

జావాలోని ఆ మండలాఫీసు మూసి ఉంది. తలుపు మీద కాగితం అంటించారు: "ప్రజలను తిప్పించుకోకుండా సేవ చేయడంపై సిబ్బంది అంతా శిక్షణలో ఉన్నారు. సోమవారం రండి."

సుగియెం భర్తకి రేపు పొద్దున ఆపరేషన్. పేదరికం పత్రం మీద మండలాధికారి సంతకం, ముద్ర వేయించి మధ్యాహ్నం రెండింటిలోగా ఆస్పత్రిలో ఇవ్వాలి. లేకపోతే మంచం ఇంకొకరికి పోతుంది. శిక్షణ ఏ హోటల్లోనో కనుక్కుని ఆమె బండెక్కి అక్కడికి పోయింది.

హాల్లో ఇరవైమంది ఉద్యోగులు బాతిక్ అద్దకం చొక్కాల్లో చప్పట్లు కొడుతూ "నవ్వుతూ సేవ" అని అరుస్తూ గంతులేస్తున్నారు. గోడ నిండా రంగు చీటీలు. జనం బాధలన్నీ జనాన్ని అడక్కుండానే వాటి మీద రాసేశారు.

తర్వాతి ఆటలో, అందరూ మర్యాదగా 'పాక్' అని పిలిచే మండలాధికారి హర్తోయో మామూలు మనిషిలా క్యూలో నిలబడాలి, గుమాస్తా అధికారిలా కూర్చోవాలి. అది సాగడం లేదు. ముగ్గురు గుమాస్తాలు ఒకరి తర్వాత ఒకరు కుర్చీలో కూర్చున్నారు. ముగ్గురూ ఆయన్ని చూడగానే లేచి, నడుం వంచి, ఆయన నోరు తెరవకముందే పని అయిపోయిందన్నారు. పైవాణ్ణి నిలబెట్టే గుండె జావాలో ఏ గుమాస్తాకుంది? రాజధాని నుంచి వచ్చిన శిక్షకురాలు వులన్‌సారి విసిగిపోయింది. తలుపు దగ్గర కాగితంతో నిలబడ్డ సుగియెం కంటపడగానే, ఆమె చెప్పేది వినకుండా, మెడలో "అధికారి" అని రాసిన అట్ట వేసి కుర్చీలో కూర్చోబెట్టింది.

సుగియెం తన కాగితాన్నే పాక్ హర్తోయో చేతిలో పెట్టి, ఇది పట్టుకుని అడగమంది. ఆయన నవ్వుతూ, ఇంట్లో జబ్బు, సంతకం కావాలన్నాడు.

"జిరాక్సులేవి?"

"తేలేదమ్మా."

"మూడు తెమ్మని పోయినసారే చెప్పాను కదా."

"తెచ్చాననుకోండి."

"అయితే పెద్దాయన లేరు. హోటల్లో గంతులేస్తున్నారు."

గుమాస్తాలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ మాటలు సుగియెం ఎక్కడా నేర్చుకోలేదు. మూడు వారాలుగా మండలాఫీసు కౌంటరు దగ్గర వింటున్నవే, చివరిదొక్కటే ఆమె సొంతం.

"ఆపరేషన్ రేపే అని ఉందమ్మా ఇందులో," అన్నాడు పాక్ హర్తోయో. ఈసారి ఆయన నవ్వడం లేదు.

"నన్నేం చెయ్యమంటారు? పక్కకి జరగండి."

వులన్‌సారి పసుపు చీటీ మీద "చాలా సహజం" అని రాసుకుంది.

సుగియెం అట్ట తీసి బల్ల మీద పడేసింది. "ఆట చాలు పాక్. ఆ కాగితం నాది. పేరు చదివి సంతకం పెట్టండి."

పాత్ర మధ్యలో వదలకూడదనీ, అనుభవాలు చెప్పుకోవడం భోజనం తర్వాతనీ వులన్‌సారి అంది. నటన ముదిరిందనుకుని గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. పాక్ హర్తోయో మాత్రం కాగితం చదువుతున్నాడు. దాని మీద గ్రామాధికారి సంతకం మూడు వారాల కిందటిది. ఆయన కలం తీసి సంతకం పెట్టాడు. ముద్ర ఆఫీసులో ఉందని మెల్లిగా అన్నాడు.

"అయితే లేవండి," అంది సుగియెం.

ఎర్ర నంబరు ప్లేటు సర్కారు కారులో పోయారు. ఆఫీసు మెట్ల మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు. ఆయన ముద్ర కొట్టి కాగితం ఇచ్చి, మధ్యాహ్నం తన ప్రసంగం ఉంది, హోటల్‌కి పోవాలన్నాడు. అప్పటికే ఏడుగురూ లోపలికి వచ్చి, కాగితాలు పట్టుకుని ఆయన వెనకే క్యూ కట్టారు.

ఆయన ప్రసంగానికి పోయాడో, కుర్చీలో కూర్చున్నాడో సుగియెం చూడలేదు. ఆస్పత్రికి పరుగెత్తింది. రెండింటికి ఐదు నిమిషాలుండగా కాగితం కౌంటరులో పడింది, మంచం నిలిచింది.