క్షమించి కొట్టండి

మా నాన్న మా ఆయనతో మాట్లాడరు. మా ఇంట్లోనే ఉంటారు, మా ఆయన కొన్న సోఫాలోనే కూర్చుంటారు, మా ఆయన పెట్టిన టీ తాగి "బాగుందని చెప్పమ్మా" అని నాతో అంటారు. టీ పెట్టిన మనిషి చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉంటారు. అయినా సరే, ఆ మాట నేనే మోసుకెళ్ళి అందించాలి. అవతల నుంచి "సంతోషమని చెప్పు" అని జవాబు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా బతుకు పోస్టాఫీసైపోయింది.

దీనికంతా కారణం మా ఆయన ఉద్యోగం. నాన్న తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు. వేరే భాషల నుంచి వచ్చే సినిమాలకి గొంతు ఇస్తారు, అందులోనూ ఎక్కువగా చచ్చేవాళ్ళకి. మేడ మీంచి పడేవాడు, నీళ్ళలో మునిగేవాడు, వెనకనుంచి కత్తిపోటు తినేవాడు, అందరూ ఈయనే. పెళ్ళికి ముందు మొదటిసారి ఇంటికి తీసుకొస్తే నాన్న "ఏదీ, నీ పని కాస్త చూపించు" అన్నారు. ఈయన మొహమాటపడుతూనే మేడ మీంచి పడ్డవాడి కేక పెట్టారు. పక్కింటివాళ్ళు నిచ్చెన పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నాన్న చేతిలో టీ చొక్కా మీదికి ఒలికింది. "కేకలు పెట్టి బతికేవాడితో నాకేం మాటలమ్మా?" అన్నారు ఆ సాయంత్రం. అంతే, ఆ నోరు ఈయన వైపు మళ్ళీ తిరగలేదు.

నాకు కావలసింది ఒక్కటే. నాన్న ఈయనతో నేరుగా ఒక్క మాట అనాలి. తిట్టినా పరవాలేదు, నా మీదుగా కాకుండా తిడితే చాలు.

ఒళ్ళు కదలాలని డాక్టరు అనేసరికి నాన్న స్నేహితుడు, రిటైరైన సర్వేయర్ ఒకాయన, నాన్నని గోల్ఫ్ మైదానానికి లాక్కెళ్ళారు. మొదటి రోజు నాన్న కర్ర ఊపితే బంతి ఉన్నచోటే ఉంది, కర్ర మాత్రం వెళ్ళి పొదల్లో పడింది. సర్వేయర్‌గారు ఆ కథని ఊరంతా చెప్పుకుంటూ తిరిగారు. పౌరుషం ముంచుకొచ్చి నాన్న పాఠాలు కొన్నారు. తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్ద శిక్షకుడు, గోల్ఫ్ ఆడేవాళ్ళంతా గురువుగారనే మనిషి, కర్ర ఎలా పట్టాలో, నడుము ఎలా తిప్పాలో నెమ్మదిగా చెప్పే వీడియో పాఠాలు అవి. మన భాషలోకి డబ్ చేసి అమ్ముతున్నారు.

డబ్ చేసింది ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను.

నాన్న టీవీ ముందు బూట్లు వేసుకుని నిలబడేవారు. గురువుగారు మాట్లాడుతుంటే ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, కుక్కర్ కూతపెట్టకూడదు. టేపుతో కొలిచి పాదాలు ఎక్కడ పెట్టాలో నేల మీద గీతలు గీశారు. సీసా మూతని బంతి చేసుకుని సాధన చేశారు. హాల్లో లైటుకి ఆ వారమే నూకలు చెల్లిపోయాయి.

"ఆ గొంతు విన్నావుటమ్మా!" అన్నారు ఒక రోజు, కళ్ళు చెమర్చినంత పనయి. "మనిషన్నాక అలా మాట్లాడాలి. ఒక్కో మాటా తూకం వేసి ఇచ్చినట్టుంది."

గొంతు సొంతదారు పక్కనే టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దన్నారు. నాన్న గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. నాన్న ఎదుట ఈయన గొంతు పిల్లికూనలా బయటికొస్తుంది. గురువుగారి గొంతు కావాలంటే గడ్డం కిందికి నొక్కి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల్నుంచి తోడుకోవాలట.

వంటింట్లోకి లాక్కెళ్ళి నిలదీశాను. "ఎందుకు చెప్పరు? ఇంతకన్నా మంచి సమయం వస్తుందా?"

"వద్దోయ్," అన్నారు. "ఈ లోకంలో మామయ్యగారికి నా దగ్గర నచ్చింది ఆ గొంతొక్కటే. నాదని తెలిస్తే అదీ నచ్చకుండా పోతుంది."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంతలో హాల్లోంచి గురువుగారి గొంతు వినిపించింది. "ఇప్పుడు మీకు గిట్టని మనిషిని ఒకరిని తలుచుకోండి. మనస్ఫూర్తిగా క్షమించండి. ఆ తర్వాతే బంతిని కొట్టండి."

మా ఆయన మొహం పాలిపోయింది.

"ఇదేం పాఠం?" అన్నాను.

"అది గురువుగారిది కాదు," అన్నారు గుసగుసగా. "ఆయన అక్కడ తల కదలకూడదని మాత్రమే చెప్పారు. మన భాషలో అది చప్పున అయిపోయింది, ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ ఖాళీలో ఏదో ఒకటి నింపాలి కదా. నోటికొచ్చింది అనేశాను. రికార్డింగ్ చేసే ఆయనకి ఆకలేస్తోంది, బాగుంది పదండన్నాడు."

ఈయన నోటికొచ్చింది మా ఇంట్లో శాసనమైంది. నాన్న సంగతి తెలిసిందే కదా, దేన్నయినా కచ్చితంగా చేస్తారు. ఊరికే పెదవులతో క్షమించి కొట్టే రకం కాదు. ముందుగా పాత పై అధికారిని క్షమించారు. ఆయనకి ఫోన్ చేసి మరీ "మిమ్మల్ని క్షమించేశానండీ" అన్నారు. "దేనికయ్యా?" అన్నారట ఆయన. నాన్న వివరించారు. ఆయన ఒప్పుకోలేదు. ఒక తగువు తీరేలోపు కొత్తది ఇంకోటి పుట్టింది. తర్వాత ప్యాంటు పొట్టిగా కుట్టిన దర్జీ, గొడుగు తీసుకెళ్ళి తిరిగివ్వని గుమాస్తా, చిన్నప్పుడు కళ్ళజోడు విరగ్గొట్టినందుకు నేను, వరసగా అందరం విముక్తులమయ్యాం.

విచిత్రం ఏమిటంటే నాన్న ఆట బాగుపడింది. క్షమించాక భుజాలు వదులయ్యేవి, కర్ర గుండ్రంగా తిరిగేది, బంతి తిన్నగా లేచేది. మైదానంలో మిగతా పెద్దమనుషులు కూడా ఆ పాఠాలే కొన్నారు. ఎవరు చూసినా కళ్ళు మూసుకుని, బంతి మీద వంగి, ఎవరినో క్షమిస్తూ కనిపించేవారు. వెనక వరస ఆగిపోయేది.

చిక్కల్లా ఒక్కటే. నాన్నకి సరుకు అయిపోసాగింది. "ఒకసారి క్షమించిన మనిషిని మళ్ళీ వాడడం కల్తీ అవుతుందమ్మా," అన్నారు. కొత్త కోపాల కోసం బజారు మీద పడ్డారు. కూరగాయల కొట్టువాడు మోసం చేస్తాడేమోనని కాటా పక్కనే కాపేశారు. నాన్న పాత ఉద్యోగం వాడికి తెలుసు, భయపడి గుప్పెడు బెండకాయలు ఎక్కువే వేశాడు. నాన్న సంచి విసిరికొట్టి ఇంటికొచ్చారు. "ఛ, ఊళ్ళో అందరూ మంచివాళ్ళయిపోయారు. ఇక ఆట సాగినట్టే!"

సర్వేయర్‌గారికి ఈ బాధ లేదు. "నాకు మా ఆవిడ ఒక్కతే చాలోయ్. రోజూ తాజా సరుకు," అనేవారు. ఆ ధీమాతోనే ఆదివారం పందెం కట్టారు, ఇద్దరే ఆడాలని.

నాన్నకి భుజం పట్టేసింది. "మీ ఆయన్ని కర్రల సంచి పట్టుకుని రమ్మనమ్మా," అన్నారు. మా ఆయన అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నారు. నేనూ వెళ్ళాను. పోస్టాఫీసుకి ఆదివారం కూడా సెలవు లేదు మరి.

నాన్న ఆ రోజు చాలా పొదుపుగా ఆడారు. దాచుకున్న ఒక్కో మనిషినీ తీసి ఖర్చుపెట్టారు. ఎదురింటి కుక్కనీ, దాని యజమానినీ విడివిడిగా వాడుకున్నారు. చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి ఆటా సమానంగా ఉంది. సర్వేయర్‌గారు వాళ్ళావిడని క్షమించి బంతిని గుంటలో వేసేశారు. నాన్న బంతి గుంటకి నాలుగడుగుల దూరంలో ఉంది. కొట్టి వేస్తే ఆట సమం, లేకపోతే ఓటమి.

నాన్న వంగారు. అలాగే ఉండిపోయారు. వెనక మూడు జట్లు పోగయ్యాయి.

"ఏమోయ్, ఎవరితో తెగలేదు?" అన్నారు సర్వేయర్‌గారు.

"మనుషులు అయిపోయారు."

"అయితే నన్ను క్షమించు."

"నిన్ను మొదటి గుంట దగ్గరే వాడేశాను."

నాన్న నడుము నిఠారు చేసి చుట్టూ చూశారు. చూపు వచ్చి సంచి మోస్తున్న మా ఆయన మీద ఆగింది. నాన్న కర్ర కింద పెట్టి నా దగ్గరికి నడిచి వచ్చారు.

"అమ్మాయ్, మీ ఆయన మీద నాకు కోపం కదా?"

"ఉందనే కదా ఇన్నేళ్ళ నుంచీ నన్ను చంపుతున్నారు!"

"ఉంది. కానీ దేనికో తేలట్లేదు. టీ బాగా పెడతాడు. లైటు పగలగొడితే మాట్లాడకుండా కొత్తది బిగించాడు. అప్పట్లో పెట్టిన కేక ఒకటుంది. కానీ పెట్టమన్నది నేనే, అది లెక్కలోకి రాదు." నాన్న నుదురు రుద్దుకున్నారు. "తప్పే దొరక్కపోతే ఇంక క్షమించేది ఏముంటుందమ్మా?"

"మరి ఇన్నాళ్ళూ దేనికి మాట్లాడనట్టు?" అని అరిచాను. ఎంతమంది చూస్తున్నారో కూడా పట్టలేదు నాకు.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒక తప్పు చేశానండీ, మామయ్యగారూ," అన్నారు, ఆ పిల్లికూన గొంతుతోనే. సంచి కింద పెట్టారు. గడ్డం నొక్కి, పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. "తల కదలకూడదు. ఎడమ చెయ్యి వంచకుండా తిన్నగా ఉంచండి."

మైదానం మొత్తం ఎడమ చేతులు తిన్నగా పెట్టింది. సర్వేయర్‌గారు టోపీ తీసేశారు.

"ఆ గొంతు నాదేనండీ," అన్నారు మా ఆయన మామూలుగా. "క్షమించమన్న మాట గురువుగారు అనలేదు. ఆయన పెదవులు మిగిలిపోతే నేను అతికించాను."

నాన్న మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. అలవాటు కొద్దీ నా వైపు తిరిగి నోరు తెరిచారు. నేను ఆకాశంలోకి చూశాను. చచ్చినా ఈ ఒక్క మాట మోసేది లేదు. నాన్న కాసేపు ఆగారు. నేను దిగి రాలేదు. చివరికి ఆయనే మెల్లగా అటు తిరిగారు.

"క్షమించమన్న ఆ ముక్క... నీ సొంతమా?"

"అవునండీ."

నాన్న బంతి దగ్గరికి వెళ్ళి, కళ్ళయినా మూసుకోకుండా కొట్టేశారు. బంతి గుంట అంచు చుట్టూ తిరిగి బయటే ఆగిపోయింది. సర్వేయర్‌గారు ఎగిరి గంతేశారు. నాన్న అటు చూడను కూడా లేదు. నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అన్ని పాఠాల్లోనూ నాకు వంటబట్టింది అదొక్కటే, అబ్బాయ్," అన్నారు.

ఎంతమంది చావులకో కేక పెట్టిన మనిషి, ఊరికే తల ఊపుతూ ఉండిపోయారు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆ పెదవుల లెక్క ఏమిటో, మాట ఎంత పొడవు తీసుకోవాలో ఎలా కొలుస్తారో అడగడం మొదలుపెట్టారు. ఇద్దరూ మాట్లాడుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయారు, నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే మరిచిపోయి. కర్రల సంచి గడ్డిలో పడి ఉంది. కళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ, దాన్ని నేనే ఇంటిదాకా మోసుకొచ్చాను.